కైసరు వాటా ఎగ్గొట్టడం పాపమేనా?

పన్ను ఎగ్గొట్టడం తప్పా అని ఏ క్రైస్తవుణ్ణి అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే. కైసరువి, అంటే రోమా చక్రవర్తివి, కైసరుకు, దేవునివి దేవునికి అని యేసే అన్నాడు కదా అని. ఇక మాట్లాడడానికి ఏమీ మిగలనట్టే ఉంటుంది. కానీ ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకునే పన్ను కట్టినవాళ్లున్నారు, కట్టనని చెప్పి జైలుకు పోయినవాళ్లున్నారు, చాటుగా ఎగ్గొట్టి పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు మోకరించి "ఇది నిజంగా పాపమేనా" అని ఆరా తీసినవాళ్లూ ఉన్నారు. వేదాంతుల్లో కూడా కొన్ని వందల ఏళ్లపాటు ఏకాభిప్రాయం లేదు.

ముందు ఆ వాక్యం సంగతే చూడాలి, ఎందుకంటే దాన్ని సగమే చదవడం అలవాటైపోయింది. యూదుల్లో మతనిష్ఠాపరులైన పరిసయ్యులూ, హేరోదు రాజవంశం పక్షంవాళ్లైన హేరోదీయులూ కలిసి యేసు దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న "కైసరుకు పన్నిచ్చుట న్యాయమా కాదా?" అని. అది మామూలు ప్రశ్న కాదు, ఉచ్చు. క్రీ.శ. 6లో రోమా ప్రభుత్వం యూదయలో జనాభా లెక్క రాయించినప్పుడు, అంటే పన్ను వెయ్యడానికి లెక్క కట్టినప్పుడు, గలిలయుడైన యూదా తిరగబడ్డాడు. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. కట్టమంటే జనానికి కోపం, వద్దంటే రాజద్రోహం. యేసు ఒక దేనారము చూపించమన్నాడు. చూపించారు. అంటే కైసరు బొమ్మ ఉన్న నాణెం అడిగినవాళ్ల దగ్గరే ఉంది, దాంతో వ్యాపారం చేసుకుంటూనే దాని గురించి ధర్మసందేహం అడుగుతున్నారు. అప్పుడొచ్చింది జవాబు. తెలుగు బైబిల్లో ఒక చిన్న తేడా చక్కగా నిలబడింది. వాళ్లు అడిగింది పన్ను "ఇచ్చుట" గురించి, ఆయన అన్నది "చెల్లించుడి" అని. గ్రీకులో కూడా అంతే, మొదటిది ఇవ్వడం, రెండోది తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం. ఎవరిది వాళ్లకు అప్పజెప్పమని.

అంతవరకూ బాగానే ఉంది. అయితే కైసరుది ఎంత, ఎక్కడిదాకా అనే ముక్క అందులో లేనేలేదు. నాణెం మీద కైసరు బొమ్మ ఉంది కాబట్టి అది కైసరుది, మనిషిలో దేవుని స్వరూపం ఉంది కాబట్టి మనిషి దేవుడివాడు అని తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ తర్వాతి కాలంలో వివరించాడు. అందమైన వివరణే, కానీ పన్ను శాతం ఎంత ఉండాలో అది కూడా చెప్పదు. ఇంకో విచిత్రం, లూకా సువార్త ప్రకారం రోమా గవర్నరు పిలాతు ముందు యేసు మీద మోపిన నేరాల్లో ఒకటి కైసరుకు పన్ను ఇవ్వొద్దన్నాడని. అదే వాక్యాన్ని విన్నవాళ్ల ఊళ్లోనే, కొద్దిరోజుల్లోనే, పూర్తిగా తలకిందులు చేసి చెప్పగలిగారన్నమాట. దాన్ని బట్టి ఆ జవాబు ఎంత సూటిగా ఉందో అంచనా వేసుకోవచ్చు.

మత్తయి 17లో ఇంకో సంఘటన ఉంది, దీన్ని తక్కువమంది తలుచుకుంటారు. కపెర్నహూములో అరషెకెలు పన్ను వసూలు చేసేవాళ్లు పేతురు దగ్గరికి వస్తారు. అది రోముకు పోయే పన్ను కాదు, యెరూషలేము దేవాలయానిది. రాజులు ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తారు, కొడుకుల దగ్గరా, బయటివాళ్ల దగ్గరా అని యేసు అడుగుతాడు. బయటివాళ్ల దగ్గరే అంటాడు పేతురు. అయితే కొడుకులు స్వతంత్రులే కదా అంటాడాయన. అని ఊరుకోకుండా, వాళ్లకు అభ్యంతరం కలగకుండా కట్టేద్దాం, చేప నోట్లో షెకెలు దొరుకుతుంది తీసుకురా అంటాడు. బాకీ ఉంది కాబట్టి కట్టమనలేదు. బాకీ లేకపోయినా కట్టమన్నాడు. పన్ను మినహాయింపు హక్కు గురించి గొంతు చించుకునే సంఘాలకు ఈ భాగం కాస్త ఇబ్బందికరమైనదే.

పౌలు మాత్రం సూటిగా రాశాడు. రోమా పత్రిక 13వ అధ్యాయంలో ఎవనికి పన్నో వానికి పన్ను, ఎవనికి సుంకమో వానికి సుంకము, అన్నీ ఋణాలే, తీర్చండి అంటాడు. దానికి ముందే రెండు కారణాలు చెబుతాడు, శిక్ష భయం ఒకటి, మనస్సాక్షి రెండోది. ఈ రెండోదే అసలు బరువు. పట్టుబడతామన్న భయం ఒక్కటే అయితే పట్టుబడని చోట పాపం లేనట్టే. మనస్సాక్షి అనేసరికి ఎవరూ చూడకపోయినా బాకీ బాకీగానే ఉంటుంది. ఆ ఉత్తరం రాసిన కాలం కూడా గమనించాలి. రోములో నీరో చక్రవర్తి కొత్తగా ఏలుతున్నాడు, సుంకాలు వసూలు చేసే కాంట్రాక్టర్ల మీద జనం గోల పెడుతున్నారు, క్రీ.శ. 58లో ఆ గోల పడలేక నీరో పరోక్ష పన్నులన్నీ ఎత్తేద్దామా అని కూడా ఆలోచించాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అంటే పౌలు రాసింది పన్నులు న్యాయంగా సాగుతున్న కాలంలో కాదు. కాకపోతే పౌలు మాటలోనే ఒక సందు ఉంది. అధికారి నీ మేలు కోసం దేవుని పరిచారకుడు అన్నాడు. మరి మేలు చెయ్యకపోతే? తర్వాత వచ్చిన వాదనలన్నీ ఆ సందులోంచి దూరినవే.

మొదటి తరాల క్రైస్తవులైతే ఆ సందు జోలికి పోలేదు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమా చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో అందరికంటే ముందుగా పన్ను కట్టేది మేమే అంటాడు. ఆ శతాబ్దం చివర్లో తెర్తుల్లియన్ ఇంకో అడుగు ముందుకేసి, మిగతావాళ్లు తప్పుడు లెక్కలు చూపించి ఖజానాకు ఎంత నష్టం చేస్తున్నారో లెక్కేసుకుంటే క్రైస్తవుల వల్ల రోమా దేవతల గుళ్లకు కానుకలు తగ్గాయన్న ఫిర్యాదు దానిముందు నిలవదు అని వాదించాడు. హింసించే ప్రభుత్వానికే ఈ మాట చెబుతున్నారని మరిచిపోకూడదు. ఇందులో నీతి ఎంతో, ప్రాణం కాపాడుకునే లౌక్యం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఉండే ఉంటాయి.

ఇక్కడే రెండో పక్క కూడా చూడాలి, ఎందుకంటే బైబిలు పన్ను కట్టేవాడి కంటే పన్ను తీసుకునేవాడి మీదే ఎక్కువ కోపంగా ఉంటుంది. రాజు కావాలని అడిగిన జనానికి సమూయేలు ముందే హెచ్చరిస్తాడు, మీ పంటలో పదో వంతు పట్టుకుపోతాడని. సొలొమోను కొడుకు రెహబాము కాడి తేలిక చెయ్యనన్నందుకు పది గోత్రాలు విడిపోయాయి, అతను పంపిన వెట్టిపని అధికారి అదోరామును జనం రాళ్లతో కొట్టి చంపారు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, ఉద్యోగం మానెయ్యమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడంతే. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. న్యాయం లేని రాజ్యానికీ పెద్ద దొంగల ముఠాకీ తేడా ఏముందని తొలినాటి వేదాంతి అగస్టీన్ అడిగితే, పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి దాన్ని లెక్క ప్రకారం పెట్టాడు. ఉమ్మడి మేలు కోసం రావలసినదాన్ని రాజు బలవంతంగా వసూలు చేసినా అది దోపిడీ కాదు, రాకూడనిదాన్ని లాక్కుంటే మాత్రం దోపిడీయే, దొంగలాగే రాజూ తిరిగి ఇచ్చుకోవాలి. చట్టం న్యాయమైనదో కాదో తేల్చడానికి దాని ఉద్దేశం, దాన్ని చేసినవాడి అధికారం, బరువును అందరికీ తగినట్టు పంచిందా లేదా అన్న మూడు గీటురాళ్లు చెప్పాడు. ఈ మూడోది పన్నులకు అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే పేదవాడి నడ్డి విరిచి పెద్దవాణ్ణి వదిలేసే పన్ను దీని ముందు తేలిపోతుంది.

ఈ గీటురాళ్ల నుంచి పుట్టినదే అసలు చిక్కు. మధ్యయుగాల చివర్నుంచి కొందరు కాథలిక్ నీతిశాస్త్ర పండితులు ఒక సిద్ధాంతం తెచ్చారు. కొన్ని చట్టాలు మనస్సాక్షిని కట్టెయ్యవు, పట్టుబడితే శిక్ష కట్టమంటాయి, అంతే. దీనికి మూలం మఠాల నియమాలు. డొమినికన్ సన్యాసులు పదమూడో శతాబ్దంలోనే తమ నియమాలను మీరితే పాపం కాదు, శిక్ష మాత్రమే అని రాసుకున్నారు, లేకపోతే భోజనానికి ఆలస్యమైన ప్రతివాడూ పాపసంకీర్తనానికి పరిగెత్తాల్సి వస్తుంది. మఠంలో అది తెలివైన ఏర్పాటు. దాన్ని తీసుకొచ్చి సుంకాలకూ సరిహద్దు పన్నులకూ తగిలించేసరికి కథ మారిపోయింది. దొరికితే జరిమానా కడతాను, దొరక్కపోతే నాకూ దేవుడికీ మధ్య ఏ గొడవా లేదు అనుకునే వీలొచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. 1612లో స్పెయిన్ వేదాంతి ఫ్రాన్సిస్కో సువారెజ్ చట్టాల మీద రాసిన పెద్ద గ్రంథంలో శిక్షా చట్టాలూ పన్ను చట్టాల గురించే ఒక భాగం మొత్తం వెచ్చించి, న్యాయమైన పన్ను మనస్సాక్షినీ కట్టేస్తుందన్న వైపు నిలబడ్డాడు. అయినా ఆ సిద్ధాంతం చావలేదు. 1944లో మార్టిన్ క్రో అనే ఫాదర్ అమెరికా కాథలిక్ యూనివర్సిటీలో ఈ చర్చనంతా ఒకచోట పోగేసి పరిశోధన చేసేనాటికి కూడా రెండు పక్షాలూ బతికే ఉన్నాయి.

ఇదంతా వట్టి కుయుక్తి అని కొట్టిపారెయ్యడం తేలికే గానీ, ఆ రోజుల్లో పన్ను ఎలా ఉండేదో చూస్తే కొంచెం జాలి కలుగుతుంది. రాజు యుద్ధం కోసమో, విలాసం కోసమో పన్ను వేస్తాడు, వసూలు హక్కును వేలం వేస్తాడు, పాడుకున్నవాడు తన లాభం కలిపి గుంజుతాడు, ఫ్రాన్సులో అయితే ఈ పద్ధతి విప్లవం దాకా సాగింది. దొరలకూ చాలాచోట్ల చర్చి గురువులకూ మినహాయింపులు. ఉప్పు మీద పన్ను పేదవాడే కట్టాలి. ఆ పేదవాడు పాపసంకీర్తనంలో వచ్చి "ఉప్పు చాటుగా కొన్నాను" అంటే నరకానికి పోతావు అని చెప్పలేని ఫాదర్లకు ఈ సిద్ధాంతం ఒక దారి చూపించింది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ పేదవాడి కోసం వేసిన ఆ దారిలోనే పెద్ద పెద్ద వర్తకులూ నడిచిపోయారు. ఓటు వేసి ఎన్నుకున్న చట్టసభ బహిరంగంగా చర్చించి వేసే పన్నుకు ఆ వాదన అతికించడం మరీ అతి. పన్ను డబ్బుతో నడిచే ఆసుపత్రికీ బడికీ పోతూ, అదే పన్ను చట్టాన్ని పరాయి రాజు జరిమానా పద్దులాగా చూడడం కుదరదు.

ఆ సిద్ధాంతానికి ఇంకో లోటు, దాన్ని నమ్మినవాళ్లకే అడ్డుపడినది, అబద్ధం. సుంకం కట్టకపోవడం పాపం కాదనుకుందాం. గేటు దగ్గర అధికారి "మూటలో ఏముంది" అని అడుగుతాడు కదా, అప్పుడేం చెప్పాలి? అబద్ధం చెప్పొచ్చని ఏ పండితుడూ బాహాటంగా అనలేకపోయాడు. అందుకని పైకి "ఏమీ లేదు" అని, మనసులో "నీకు చెప్పాల్సింది ఏమీ లేదు" అని కలుపుకునే ఉపాయాన్ని కొందరు సమర్థించారు. 1679లో పోప్ ఇన్నోసెంట్ XI దాన్ని ఖండించి తలుపు మూశాడు. ఈ కాలపు పన్ను రిటర్నుకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే రిటర్ను చివర్లో పైన రాసినదంతా నిజమేనని సంతకం పెడతారు. డబ్బు దాచడం ఒక తప్పయితే ఆ సంతకం ఇంకో తప్పు, మొదటిదాని గురించి ఎంత వాదించినా రెండోదానికి సాకు దొరకదు.

ప్రొటెస్టెంట్ల వైపు ఇంత సాగదీత లేదు. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ రాజుల పన్ను న్యాయమైనదే అంటూ, రాజులకు ఒక చురక వేస్తాడు. ఖజానా మీ సొంత పెట్టె కాదు, జనం రక్తంలాంటిది, దుబారా చేస్తే అన్యాయమే అని. అందరికంటే కటువుగా మాట్లాడినవాడు మాత్రం జాన్ వెస్లీ. 1743లో తన మెథడిస్టు సమాజాలకు రాసిన నియమాల్లో తాగుబోతుతనం, పోట్లాటల పక్కనే సుంకం కట్టని సరుకు కొనడమూ అమ్మడమూ నిషేధాల్లో పెట్టాడు. ఇదేదో పుస్తకంలో రాసి వదిలేసిన నియమం కాదు. 1753లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో సెయింట్ ఐవ్స్‌కు వెళ్లి చూస్తే సమాజంలో దాదాపు అందరూ దొంగ సరుకు కొంటున్నవాళ్లో అమ్ముతున్నవాళ్లో. ఇది మానేస్తారా, లేక నా ముఖం మళ్లీ చూడరా తేల్చుకోండి అన్నాడు. మానేస్తామని మాట ఇచ్చారు.

1767లో స్మగ్లర్లను ఉద్దేశించి చిన్న కరపత్రం కూడా వేశాడు. బాహాటంగా చేసే స్మగ్లింగు దారిదోపిడీ, చాటుగా చేసేది జేబు కొట్టడం అన్నాడు. రాజుకు ఎగ్గొట్టిన ప్రతి పైసా మిగతా జనం మీద పడుతుంది కాబట్టి స్మగ్లరు కొట్టేది రాజు జేబునే కాదు, తోటివాళ్లందరి జేబులనూ అని. చవగ్గా వచ్చిందని టీ కొనుక్కున్న గృహిణిని కూడా వదల్లేదు, కొనేవాడు లేకపోతే దొంగే ఉండడన్నాడు. ఈ వాదన ఇప్పటికీ అన్నిటికంటే బలంగా నిలబడేది, ఎందుకంటే ఇందులో రాజు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నే అవసరం లేదు, పక్కవాడి జేబు ఒక్కటి చాలు. అయితే ఇదే కథకు ఒక కొసమెరుపు ఉంది. టీ స్మగ్లింగు వెన్ను విరిచింది వెస్లీ ప్రసంగాలు కాదు. 1784లో బ్రిటన్ టీ మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించింది, ఆ వ్యాపారం కూలిపోయింది. 119 శాతం వేసినవాడిది మాత్రం తప్పు కాదా అని అక్వినాస్ అయితే తప్పకుండా అడిగేవాడు.

ఎగవేతకూ నిరాకరణకూ తేడా తెలియాలంటే యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ అయిన క్వేకర్లను చూడాలి. మొదట్లో వాళ్లు ఇంగ్లండు ప్రభుత్వ సంఘానికి కట్టాల్సిన దశమ భాగం కట్టమని జైళ్లకు పోయారు. 1755లో పెన్సిల్వేనియాలో సరిహద్దు యుద్ధానికి పన్ను వేసినప్పుడు జాన్ వూల్మన్ మరికొందరితో కలిసి, చంపడానికి పోయే డబ్బు ఇవ్వలేమని తోటి క్వేకర్లకు బహిరంగ లేఖ రాశాడు. ఇంగ్లండులో 1902 విద్యా చట్టం తర్వాత, తమకు నమ్మకం లేని మత బోధనకు తమ పన్ను పోతుందని బాప్టిస్టు పాస్టర్ జాన్ క్లిఫర్డ్ నాయకత్వంలో వేలమంది స్థానిక పన్ను ఆపేస్తే, అధికారులు ఇంటి సామాను జప్తు చేసి వేలం వేశారు, వందమందికి పైగా జైలుకు పోయారు. 1982లో సియాటిల్ ఆర్చ్‌బిషప్ రేమండ్ హంట్‌హౌసెన్ అణ్వాయుధాలకు నిరసనగా ఆదాయపు పన్నులో సగం కట్టనని ప్రకటించాడు. వీళ్లలో ఎవ్వరూ ఆదాయం దాచలేదు. ఎంత రావాలో, ఎందుకు ఇవ్వడం లేదో చెప్పి మరీ ఆపారు, శిక్షను తప్పించుకోలేదు. మనుష్యులకు కాదు దేవునికే లోబడాలన్న అపొస్తలుల మాటను వాడుకునే హక్కు ఎవరికైనా ఉంటే ఇలాంటివాళ్లకే ఉంటుంది, రెండు లెక్కల పుస్తకాలు నడిపేవాడికి కాదు. కోర్టులు మాత్రం వీళ్లకు పెద్దగా చోటివ్వలేదు. తన పనివాళ్ల తరఫున సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టడం తన విశ్వాసానికి విరుద్ధమన్న ఒక ఆమిష్ (పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ) యజమాని కేసులో 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు కుదరదంది. ఎవరి విశ్వాసం ప్రకారం వాళ్లు మినహాయించుకుంటూ పోతే పన్ను వ్యవస్థే నడవదని దాని వాదన.

అన్నిటికంటే బలహీనమైన సాకు, భక్తి ముసుగులో బాగా వినపడేది కూడా, దేవుడి పనికి ఇస్తున్నాను కాబట్టి ప్రభుత్వానికి ఇవ్వకపోయినా పర్వాలేదు అన్నది. ఎగ్గొట్టిన డబ్బులోంచే దశమ భాగం తీసి కానుక పెట్టెలో వేసి హాయిగా ఉండేవాళ్లున్నారు. ఇండియానాపోలిస్ బాప్టిస్ట్ టెంపుల్ అనే సంఘం ఇంకా ముందుకు పోయి, ఉద్యోగుల జీతాల్లోంచి పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టడమే తమ విశ్వాసానికి విరుద్ధమంది. బహిరంగంగానే అంది, అది ఒప్పుకోవాలి. బాకీ సుమారు 60 లక్షల డాలర్లకు చేరాక 2001 ఫిబ్రవరిలో అధికారులు ఆ చర్చి భవనాన్నే స్వాధీనం చేసుకున్నారు. ఈ తరహా వాదనకు జవాబు వెతకడానికి రోమా పత్రిక దాకా పోనక్కర్లేదు, మార్కు 7లో కొర్బాను గొడవ ఉంది. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవుడికి అర్పితం అని ప్రకటించేసి బాధ్యత తప్పించుకునేవాళ్లను యేసు అక్కడ చీల్చి చెండాడాడు. ఒకరికి బాకీ ఉన్నదాన్ని తీసుకొచ్చి దేవుడికి ఇచ్చానంటే దేవుడు మెచ్చడు. అన్నట్టు, సంఘమే పన్ను పుచ్చుకునే చోట కథ వేరేగా ఉంటుంది. జర్మనీలో సంఘ సభ్యులు ఆదాయపు పన్ను మీద ఇంకో 8, 9 శాతం సంఘ పన్ను కడతారు, అది తప్పించుకోవడానికి సభ్యత్వం వదులుకునేవాళ్లకు ఇక పాపసంకీర్తనం, సత్ప్రసాదం లాంటి సంస్కారాలు ఉండవని 2012లో అక్కడి కాథలిక్ బిషప్పులు తేల్చి చెప్పారు. పన్ను తమదాకా వచ్చేసరికి మనస్సాక్షికి వదిలేద్దాం అనలేదు.

పన్ను తగ్గించుకోవడం వేరు, ఎగ్గొట్టడం వేరు. చట్టం ఇచ్చిన మినహాయింపు వాడుకోవడాన్ని దాదాపు ఎవరూ పాపమనరు. చిక్కల్లా ఆ రెండింటి మధ్య ఉన్న మసక చోటులో ఉంది. కాగితం మీద తప్ప ఎక్కడా లేని కంపెనీ పెట్టి లాభాన్ని పన్ను లేని దీవికి పంపడం చట్టానికి దొరక్కపోవచ్చు గానీ, వెస్లీ లెక్క ప్రకారం భారం పడేది అదే పక్కవాడి మీద. కాథలిక్ సంఘం ఇప్పుడు ఈ విషయంలో పాత మెతకతనం వదిలేసింది. 1965లో రెండో వాటికన్ మహాసభ మోసాలతో న్యాయమైన పన్నులు తప్పించుకోవడాన్ని పేరుపెట్టి తప్పుపట్టింది. 1992 నాటి సత్యోపదేశంలో, అంటే ఆ సంఘం అధికారిక బోధనల పుస్తకంలో, 2240వ పేరా పన్ను కట్టడం నైతిక బాధ్యత అంటే, 2409వ పేరా పన్ను ఎగవేతను దొంగ చెక్కులూ దొంగ బిల్లుల పక్కన, దొంగిలకూడదు అన్న ఆజ్ఞ కింద చేర్చింది.

ఆ ఆజ్ఞ కింద చేర్చడంలో పెద్ద తిరకాసు ఉంది. పెద్దల మాట విననందుకైతే పశ్చాత్తాపపడితే సరిపోతుంది. దొంగతనానికి పశ్చాత్తాపం చాలదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. పాతకాలపు పండితులు ఇందుకే అంత తన్నుకులాడారు, ఎగవేత ఏ రకం పాపమో తేలితే గానీ ఫాదర్ ఎంత తిరిగి కట్టమనాలో తేలదు. ఎవరికి కట్టాలన్నది ఇంకో ప్రశ్న. పేదలకు పంచేస్తే సరిపోతుందని కొందరు సర్దిచెప్పేవారు. జక్కయ్య పేదలకు సగం ఇస్తూ, అన్యాయం జరిగినవాళ్లకు మాత్రం విడిగా నాలుగింతలు ఇస్తానన్నాడు, రెండు పద్దులనూ కలపలేదు. ఖజానాకే తిరిగి కట్టడానికి దారి లేకపోలేదు. అమెరికా ట్రెజరీలో 1811 నుంచి మనస్సాక్షి నిధి ఒకటి నడుస్తోంది, ఎవరో పేరు చెప్పకుండా పంపిన 5 డాలర్లతో మొదలైంది. అందులోకి వచ్చే కవర్లలో కొన్ని గురువుల చేతుల మీదుగా వస్తాయి. పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ బయటికి చెప్పకూడదు కాబట్టి కవరు మీద పంపినవాడి పేరు ఉండదు, లోపల డబ్బు మాత్రం ఉంటుంది.